మేకల చర్మవ్యాధులు: గ్రామము కలిసి చేయవలసిన చికిత్స

(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



పంచాయతీ సమావేశములందు మంచినీటిని గురించి, వీధిదీపములను గురించి, మురుగుకాలువలను గురించి చర్చలు జరుగుచుండును. మేకలకు పట్టిన గజ్జిని గురించి చర్చ జరుగుట అరుదు. ఎవరి మేకను వారే చూచుకొనవలెనని సాధారణముగా అందరును తలంతురు. నేడు మేము మనవి చేయదలచినది దీనికి భిన్నమైన మాట. మేకలకు వచ్చు చర్మవ్యాధులలో చాలభాగము అంటువ్యాధులు. ఒక ఇంట చికిత్స జరిగి పొరుగింట జరుగనిచో ఆ చికిత్స నిలువదు. కావున ఇది మంచినీటి బావి వలెనే గ్రామమునకంతకును చెందిన విషయము. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణముచే చేర్చబడిన పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన 29 అంశములు కలవు. వానిలో నాల్గవది పశుసంవర్ధనము.

మేకను పేదవాని ఆవు అని పెద్దలందురు. 2019 పశుగణన ప్రకారము మన దేశమున 14 కోట్ల 88 లక్షల మేకలు కలవు. భూమిలేని కుటుంబమునకు రెండు మూడు మేకలే చేతిసొమ్ము. బిడ్డ చదువునకు గాని, ఇంట ఎవరికైన జబ్బు చేసినపుడు గాని అమ్ముకొనుటకు వారికున్న ఆస్తి అదియే. వెండ్రుకలు రాలి చెక్కులు కట్టిన మేకను సంతకు తోలినచో బేరగాడు వెల తగ్గించును. ఒక్కొక్కప్పుడు కొననే కొనడు. దురదతో గోకికొను మేకకు మేతపై ధ్యాస ఉండదు. అది నానాటికి చిక్కిపోవును, పాలు తగ్గును, పిల్లలు ఎదుగవు. తుదకు దాని తోలు కూడ మంచి ధర పలుకదు. పైకి చిన్నదిగా కనిపించు రోగము ఒక కుటుంబము యొక్క సంవత్సరపు ఆదాయమును తినివేయగలదు.

మూడు ప్రశ్నలు

మేక ఒంటిపై ఏది కనిపించినను గజ్జి యనుట, ఇంటనున్న ఏదో ఒక నూనెను పూయుట మన పల్లెలలో పరిపాటి. కాని వ్యాధులు వేరు, వాని కారణములు వేరు, మందులు వేరు. పురుగును చంపు మందు బూజును చంపదు. బూజును చంపు మందు వైరసుపై పనిచేయదు. కావున మందునకు ముందు మేకను పగటి వెలుతురున నిలిపి, వెండ్రుకలను పాయతీసి చూచి, మూడు ప్రశ్నలు వేసికొనవలెను. దురద ఉన్నదా? మచ్చ లేక పుండు ఒంటిపై ఎచ్చట, ఏ ఆకారమున ఉన్నది? జ్వరము ఉన్నదా? ఈ మూటికి సమాధానములు దొరికినచో వ్యాధి చాలవరకు తెలియును.

దురద మిక్కుటముగా ఉండి, జ్వరము లేనిచో అది గజ్జియో, పేలో అయి ఉండును. గజ్జికి కారణము కంటికి సరిగా కానరాని సూక్ష్మమైన పురుగు. అది చర్మమును తొలిచి లోపల గ్రుడ్లు పెట్టును. సాధారణముగా మూతి, కండ్ల చుట్టు, చెవులు వీనితో మొదలై ఒడలంతయు వ్యాపించును. వెండ్రుకలు రాలి, చర్మము మందమై ముడుతలు పడును. మేక గోడలకును, గుంజలకును ఒరసికొనుచుండును. పేలు పట్టిన మేకకు మెడపైనను, వీపుపైనను వెండ్రుకలను పాయతీసిన పేలు కదలుచు కనిపించును. వెండ్రుకలకు ఈపులు అంటియుండును. చలికాలమున ఇవి హెచ్చు. రక్తము పీల్చు పేలు విస్తరించినచో పిల్లల కనురెప్పల లోపలి భాగము పాలిపోవును. గోమారులను గుర్తించుట అందరకును తెలిసినదే. చెవులలోను, తోక క్రిందను, తొడల సందునను వానిని వెదకవలెను.

దురద అంతగా లేక, గుండ్రని మచ్చలలో వెండ్రుకలు విరిగి రాలి, బూడిద రంగు చెక్కు కట్టియున్నచో అది తామర. ముఖము, చెవులు, మెడ దీనికి తావులు. లేత వయసు మేకలకు, ఇరుకైన చీకటి కొట్టములలో ఉండువానికి ఇది త్వరగా అంటును. దీనికి కారణము ఒక జాతి బూజు.

పెదవుల మీదను, నోటి మూలలందును ఎగుడుదిగుడుగా దళసరి చెక్కులు కట్టియున్నచో అది మూతిపుండ్ల వ్యాధి. ఇది వైరసు వలన కలుగును. ముఖ్యముగా పిల్లలకు వచ్చును. ముండ్లకంపలు మేసి పెదవులు గీరుకొనిన చోట వైరసు ప్రవేశించును. నొప్పిచే పిల్ల పాలు త్రాగలేదు. దాని నోటినుండి తల్లి చనులకు పుండ్లు అంటినచో తల్లి కుడువనీయదు. పుండు చంపని పిల్లను ఆకలి చంపును.

జ్వరము 104 డిగ్రీలు దాటి, ముక్కునుండియు కండ్లనుండియు నీరు కారి, తరువాత తోక క్రింద, తొడల లోపల, పొదుగుపైన, చెవులపైన ఎఱ్ఱని మచ్చలు లేచి, అవి గట్టి బొబ్బలైనచో అది మేకల బొబ్బవ్యాధి. దీనినే మేకల మశూచి యందురు. ఊపిరితిత్తులలో కూడ బొబ్బలు లేచుటచే పిల్లలు హెచ్చుగా చచ్చును. దీనిని అమ్మవారని చెప్పి దాచిపెట్టుట మిక్కిలి హానికరము.

ఇచ్చట ఒక హెచ్చరిక. నోటిలో పుండ్లతో పాటు జ్వరము, చీమిడి, పారుడు కూడ ఉన్నచో అది చర్మవ్యాధి కాక పి.పి.ఆర్. అను ప్రాణాంతక వ్యాధి కావచ్చును. ఒక్క దినము కూడ ఆలసింపక పశువైద్యునికి తెలియజేయవలెను.

చికిత్స

గజ్జికి నేడు ఎక్కువగా వాడుకలో ఉన్నది ఐవర్‌మెక్టిన్ సూది మందు. కిలో బరువునకు 0.2 మిల్లీగ్రాముల చొప్పున దీనిని చర్మము క్రింద ఇత్తురు. 1 శాతపు మందైనచో 50 కిలోలకు 1 మిల్లీలీటరు. 25 కిలోల మేకకు అర మిల్లీలీటరు చాలును. ఊహపై కాక, కాటాలో తూచి, పశువైద్యుని సలహాతో ఇప్పించవలెను. ఈ మందు పురుగును చంపునే గాని గ్రుడ్డును చంపదు. గ్రుడ్డునుండి పురుగు పెరిగి మరల గ్రుడ్లు పెట్టుటకు రెండు మూడు వారములు పట్టును. కావున 10 నుండి 14 దినములలో రెండవ మోతాదు తప్పక పడవలెను. దురద తగ్గినదని రెండవ సూదిని మానుటచేతనే అనేక గ్రామములందు గజ్జి తిరిగి వచ్చుచున్నది. పాలిచ్చు మేకకు, జాతరకో పండుగకో కోయదలచిన మేకకు ఈ మందు ఇచ్చినచో ఎన్ని దినములు పాలను, మాంసమును వాడరాదో వైద్యుని అడిగి తెలిసికొనవలెను.

పేలకు, గోమారులకు పైపూతగా గాని, పిచికారిగా గాని వాడు మందులు కలవు. సీసాపై వ్రాసిన పాళ్లలోనే నీటిలో కలుపవలెను. ఎండ కాయు ఉదయమున, మేకలకు కడుపునిండ నీరు త్రాపించిన పిదప ఈ పని చేయవలెను. అట్లు చేసినచో అవి మందునీటిని త్రాగవు. కన్ను, నోరు, పచ్చిపుండ్లు వీనికి మందు తగులనీయరాదు. ఈపులు చావవు గనుక రెండు వారములలో మరల చేయవలెను. గోమారులు గోడ పగుళ్లలో దాగియుండును. కొట్టపు గోడల పగుళ్లు పూడ్చక మేకకు మాత్రమే మందు కొట్టుట సగము పని.

తామరకు సబ్బునీటితో చెక్కును నానబెట్టి తీసి, దానిని కాల్చివేసి, అయోడిన్ ద్రావకమును గాని, వైద్యుడు చెప్పిన లేపనమును గాని ప్రతిదినము పూయవలెను. ఈ బూజు గుంజలపై, పలుపులపై నెలల తరబడి బ్రదికియుండును. కావున కొట్టమునకు ఎండయు, గాలియు రానీయుట మందుతో సమానము.

మూతిపుండ్లను మాన్పు ప్రత్యేకమైన మందు లేదు. సాధారణముగా అవి మూడు నాలుగు వారములలో తమంతట మానును. చెక్కులను బలవంతముగా పెరుకరాదు. లేత గులాబి రంగు వచ్చునట్లు పొటాషియం పర్మాంగనేటు కలిపిన నీటితో కడిగి, బోరోగ్లిజరిన్ పూసి, ఈగలు వ్రాలకుండ చూడవలెను. లేత ఆకు, గంజి, జావ పెట్టవలెను. కుడువలేని పిల్లకు పాలు పిదికి సీసాతో పట్టవలెను. దానిని బ్రదికించునది ఈ పోషణమే.

బొబ్బవ్యాధికి కూడ వైరసును చంపు మందు లేదు; టీకాయే రక్ష. వ్యాధి రాకముందే మేకలకు టీకా వేయింపవలెను. రోగపు మేకను వెంటనే వేరుచేసి వైద్యుని పిలువవలెను.

కొన్ని అలవాట్లను మాన్పించు భారము మీపై కలదు. ఇంజనులో కాలిన మడ్డినూనెను, కిరోసిన్‌ను మేక ఒంటికి పూయుట చర్మమును మాడ్చును. నాకిన మేక కడుపులోనికి విషము పోవును. పైరులపై చల్లు పురుగుమందులను మేకలకు పూయుట ప్రాణాపాయము. పూర్వము బి.హెచ్.సి. పొడిని చల్లెడివారు. అది 1997లో మన దేశమున నిషేధింపబడినది. అట్టిదే యగు లిండేన్ వాడకము 2013లో నిషేధింపబడినది. పాత నిల్వ ఎవరి అటుకపైన నున్నను దానిని వాడరాదు.

మేకను పట్టిన చేతులను సబ్బుతో కడుగుకొనవలెను. తామర, గజ్జి, మూతిపుండ్లు మనుష్యులకు కూడ అంటగలవు. పిల్లలు మేకపిల్లలను ఒడిలో పెట్టుకొని ఆడుకొందురు గనుక తల్లులకు ఈ మాట ముఖ్యముగా చెప్పవలెను.

పంచాయతీ చేయవలసినది

ఒక గ్రామమున నలుబది ఇండ్లలో మేకలున్నవనుకొందము. నాలుగిండ్లవారు సూది వేయించిరి, ముప్పదియారిండ్లవారు వేయింపలేదు. మరునాడు నలుబది ఇండ్ల మేకలును ఒకే బీటిలో మేయును, ఒకే చెట్టు నీడను పండుకొనును. నెల తిరుగకముందే ఆ నాలుగిండ్ల మేకలకు గజ్జి మరల పట్టును. మందు పనిచేయలేదని వారందురు. మందు పనిచేసినది, పనిచేయనిది గ్రామము. మందు వెల పెద్దది కాదు. అందరిని ఒక్క దినమున కూడదీయుటయే కష్టము. ఆ పని మీవంటి పెద్దలవలననే కాగలదు.

మొదట, మేకలు, గొఱ్ఱెలు ఉన్న ఇండ్ల జాబితాను వార్డు సభ్యులు వ్రాసికొనవలెను. ఒక్క మేక ఉన్న ముసలమ్మ ఇల్లు కూడ అందుండవలెను. పిదప పశువైద్యునితో మాటలాడి మొదటి మోతాదునకు, రెండవ మోతాదునకు రెండు తేదీలను ఒకేసారి నిర్ణయించి దండోరా వేయింపవలెను. గొఱ్ఱెలు, మేకలు కలిసి మేయుచోట రెండింటిని చూపింపవలెను. ఆ దినముననే ప్రతి ఇంట కొట్టము ఊడ్చి, పాత పరుపుగడ్డిని తీసి కాల్పింపవలెను. సంతలో కొనిన మేకను మూడు వారములు వేరుగా కట్టు కట్టుబాటును గ్రామసభలో చేయవలెను. వైద్యశాల దూరమైనచో రెండు తెలుగు రాష్ట్రములందును 1962 సంఖ్యకు ఫోను చేసినచో సంచార పశువైద్య వాహనము వచ్చు ఏర్పాటు కలదు.

బొబ్బవ్యాధి విషయమున చట్టము కూడ మీకొక విధిని నిర్ణయించినది. పశువుల అంటువ్యాధుల నివారణ, నియంత్రణ చట్టము, 2009 ప్రకారము షెడ్యూలులోని వ్యాధి ఉన్నదని అనుమానము కలిగిన యజమాని గ్రామాధికారికి గాని, పంచాయతీకి గాని తెలుపవలెను. ఆ సమాచారము వ్రాతమూలకముగా సమీప పశువైద్యునికి అందవలెను. గొఱ్ఱెల, మేకల మశూచి, పి.పి.ఆర్. ఆ షెడ్యూలులో కలవు. రోగపు పశువును ఆరోగ్యవంతమైన వానినుండి వేరుచేయుట యజమాని విధి.

కాని చట్టముకంటె ముఖ్యమైన విషయము మరియొకటి కలదు. ఒక పేదరాలి మేకకు రోగము వచ్చినదని తెలిసినపుడు గ్రామము ఆమెను నిందించి, బీటికి రానీయక, బావికడ నీరు త్రాపనీయక పోయినచో, మరునాడు ఎవ్వరును రోగమును చెప్పరు. దాచిన రోగము రాత్రికి రాత్రి సంతకు పోవును. అచ్చటినుండి పది గ్రామములకు పోవును. వేరుచేయవలసినది మేకను, మనిషిని కాదు. వేరుగా కట్టిన మేకకు ఆకు, నీరు అందునట్లు చూచుట, కూలి మానుకొని దానిని కాచుకొను ఇల్లాలికి ఇరుగుపొరుగులు తోడ్పడునట్లు చేయుట పంచాయతీ పెద్దరికమునకు తగిన పని. రోగమును చెప్పినవారికి నష్టము కలుగదను నమ్మకము గ్రామమున ఏర్పడిన దినముననే మందు పనిచేయుట మొదలిడును.

వచ్చు గ్రామసభలో ఈ విషయమును కార్యక్రమ పట్టికలో చేర్పుడు. రెండు తేదీలు నిర్ణయింపుడు. రెండవ తేదీని మాత్రము మరువవలదు.