పెద్ద టెండరు, చిన్న ఇండెంటు

 

ఫార్మసీ పట్టా అందుకున్న మీలో కొందరు సర్కారు ఆస్పత్రి మందుల గదిలో ఉద్యోగంలో చేరతారు. అక్కడి బీరువాలోకి మాత్రలు ఎలా వస్తాయో తెలుసుకోవాలంటే తమిళనాడు మెడికల్ సర్వీసెస్ కార్పొరేషన్‌ను చూడండి. 1994లో ఏర్పడిన ఈ సంస్థ, మరుసటి ఏడాది నుంచి ఆ రాష్ట్రంలోని సర్కారు ఆస్పత్రులకు కలిపి మందులు కొంటోంది.

ఎక్కువ కొంటే ధర తగ్గుతుందని చెప్పడానికి నేనింత దూరం రానక్కర్లేదు. కానీ పరిమాణం ఒక్కటే చాలదు. బిల్లు ఎప్పుడు పాసవుతుందో తెలియని కంపెనీ ఆ ఆలస్యానికయ్యే వడ్డీని కూడా రేటులోనే వేసుకుంటుంది. సకాలంలో డబ్బు ఇస్తాడన్న పేరు లేనివాడికి ఎంత పెద్ద టెండరైనా చవకగా రాదు. ధర ఒక్కటే చూసినా ముప్పే. అందుకే తమిళనాడులో కంపెనీ సామర్థ్యం తేలాకే ధర కవరు విప్పుతారు. వచ్చిన ప్రతి బ్యాచ్ నుంచి నమూనా తీసి, తయారీదారు పేరు కనబడకుండా ల్యాబుకు పంపుతారు. పరీక్షలో నెగ్గితేనే జిల్లా గోదాము నుంచి సరుకు కదులుతుంది.

నాకు బాగా నచ్చింది మాత్రం పాస్‌బుక్. ఏ ఆస్పత్రికి ఎన్ని రూపాయల మందులో అందులో రాసి ఉంటుంది. ఆ మేరకు జాబితాలోంచి ఏవి తీసుకోవాలో ఆస్పత్రే చెబుతుంది. కొనుగోలు రాజధానిది, ఎంపిక ఊరిది. అందరి కోసం కొంటున్నామంటూ అందరి నోళ్లూ మూయించే ఏర్పాట్లు చాలానే ఉన్నాయి లెండి.

మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇప్పుడు మందులు కార్పొరేషన్ల ద్వారానే కొంటున్నారు. అంత పెద్ద టెండరుకూ మూలం ఏ మందు ఎంత కావాలో రాసి మీరు పంపే ఇండెంటే. కిందటేడు వాడకానికి పది శాతం కలిపి పంపితే సరిపోతుందని మీకు ఎవరో ఒకరు చెబుతారు. నమ్మకండి. మందు లేని రోజుల్లో వాడకం సున్నా అని పడుతుంది. రోగులు మాత్రం వస్తూనే ఉంటారు. తొమ్మిది నెలలు స్టాకుండి 900 స్ట్రిప్పులు ఖర్చయితే, ఏడాది అవసరం 900 కాదు, 1,200. ముందు ఆ ఖాళీ నెలలు లెక్కలో వేసి, తర్వాతే ఇండెంటు మీద సంతకం పెట్టండి.