వింటర్ వీల్స్: బోల్టులు ఎక్కాయంటే సరిపోయినట్టు కాదు

స్టుట్‌గార్ట్‌లో పొద్దున 4 డిగ్రీలు. జర్మనీకి మాస్టర్స్‌కి వచ్చి, జాబ్ తెచ్చుకుని, సెకండ్‌హ్యాండ్‌లో ఫస్ట్ కారు కొన్న మనవాళ్ళు ఈ సీజన్‌లో అడిగేది ఒకటే: "బ్రో, వింటర్ వీల్స్ ఏవి కొనాలి?" ఏవి కొనకూడదో నాకు బాగా తెలుసు, ఎందుకంటే అవే కొన్నాను.

నాది పాత గోల్ఫ్ 6. ఆన్‌లైన్‌లో ఒకాయన వింటర్ టైర్లు బిగించి ఉన్న మెర్సిడెస్ అల్లాయ్స్ నాలుగూ కలిపి 180 యూరోలకి పెట్టాడు. నేను ఇంజనీర్‌ని కదా, స్పెక్ చూశాను. నా కారు 5×112, ఆ వీల్స్ కూడా 5×112. అంటే 112 మిల్లీమీటర్ల వృత్తం మీద ఐదు బోల్టులు. మ్యాచ్! పార్కింగ్‌లో నేనే జాకీ పెట్టి మార్చేశాను. లుక్ అయితే అదిరింది.

ఆ శనివారం అమ్మని తీసుకుని మ్యూనిక్ బయల్దేరాం. అమ్మ హైదరాబాద్ నుంచి వచ్చి రెండు వారాలే అయింది. ఏ8 మీద వంద దాటగానే స్టీరింగ్ వణకడం మొదలైంది. వెనక సీట్లోంచి అమ్మ, "ఏంట్రా, కారుకి కూడా చలేస్తోందా?" అంది. నవ్వాను. ఉల్మ్ దగ్గరికొచ్చేసరికి నవ్వు ఆగిపోయింది. స్పీడ్ తగ్గించి, ఎగ్జిట్ తీసుకుని, మెల్లగా ఒక వర్క్‌షాప్‌కి చేరాం. ముందు ఎడమ చక్రంలో రెండు బోల్టులు వదులైపోయి ఉన్నాయి.

అక్కడి పెద్దాయన వీల్ ఊడదీసి, మధ్య రంధ్రంలో వేలు పెట్టి చూపించాడు. గోల్ఫ్ హబ్ 57.1 మిల్లీమీటర్లు. ఆ మెర్సిడెస్ వీల్ రంధ్రం 66.6. చుట్టూ దాదాపు 5 మిల్లీమీటర్ల సందు! వీల్‌ని సరిగ్గా మధ్యలో కూర్చోబెట్టాల్సింది ఆ హబ్. నా కారులో ఆ పని కూడా బోల్టుల మీదే పడింది. పోనీ బోల్టులైనా కరెక్టా అంటే అవీ కావు. గోల్ఫ్ బోల్టు తల కింద గుండ్రంగా ఉంటుంది, మెర్సిడెస్‌దీ గుండ్రమే, కానీ ఆ గుండ్రం కొలత వేరు. కంటికి తేడా తెలీదు. కూర్చున్నట్టే ఉంటుంది, కూర్చోదు. "రింగు వేస్తే సరిపోదా?" అన్నాను. "సందు నిండుతుంది. బోల్టు సంగతేంటి? దీనికి పేపర్ ఏది?" అన్నాడు. నా దగ్గర సమాధానం లేదు.

అసలు అక్కడే మొదలుపెట్టాలి ఫ్రెండ్స్. కారుతో వచ్చే సీఓసీ పేపర్ చూడండి. మీ కారుకి ఒప్పుకున్న సైజులు అందులో ఉంటాయి. వేరే కంపెనీ వీల్ అయితే, అది మీ మోడల్‌కి చెల్లుతుందని ఏబీఈ లాంటి అప్రూవల్ కాగితం కావాలి. అదేదీ లేకుండా తగిలిస్తే కారు రోడ్డు మీద తిరిగే పర్మిషనే పోవచ్చు. యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ వాళ్ళతో గొడవ సరేసరి.

నేను చివరికి తీసుకున్నవి మామూలు స్టీల్ వీల్స్: 6 అంగుళాల వెడల్పు, 15 అంగుళాల వ్యాసం, ఈటీ 47, టైరు 195/65 ఆర్ 15. ఈటీ అంటే వీల్ మధ్యగీతకీ, హబ్‌కి ఆనే ముఖానికీ మధ్య దూరం. అది తగ్గేకొద్దీ చక్రం బయటికి వస్తుంది. చూడ్డానికి నల్లటి రేకు ముక్కలు, నిజమే. కానీ చిన్న సైజు టైరు చవక, గుంతలో పడ్డా టైరు గోడ ఎత్తుగా ఉంటుంది కాబట్టి రిమ్‌కి దెబ్బ తక్కువ. పెద్ద బ్రేకులున్న మోడల్ అయితే 15 పట్టకపోవచ్చు, అదీ ఆ పేపర్లోనే తేలుతుంది. మీ కారు 2014 నవంబర్ తర్వాత కొత్తగా రిజిస్టరైందా? అయితే వీల్ లోపల ప్రెజర్ సెన్సర్ కావాలో వద్దో ముందే అడగండి.

టైరు మీద రెండు చూడండి. ఒకటి, మూడు శిఖరాల కొండలో మంచురేణువు గుర్తు. 2024 అక్టోబర్ నుంచి ఇక్కడ ఉత్త ఎం ప్లస్ ఎస్ అని ఉంటే చెల్లదు. రోడ్డు మీద మంచో ఐసో ఉన్నప్పుడు దొరికితే 60 యూరోలు, ఒక పాయింట్. రెండు, డీఓటీ నంబర్ చివరి నాలుగంకెలు. 3519 అంటే 2019లో 35వ వారం తయారీ. గాడి లోతు చట్ట ప్రకారం 1.6 మిల్లీమీటర్లు చాలు, కానీ మంచులో 4 లేనిదే నేను కొనను.

గోల్ఫ్‌కి బోల్టు బిగింపు 120 న్యూటన్ మీటర్లు. టార్క్ రెంచ్ లేకపోతే ఫ్రెండ్ దగ్గర అడగండి, కాలితో తొక్కి బిగించకండి. 50 కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ చెక్ చేయాలి.

నావి నిన్నే మార్చాను, మీటర్ మీద ఇప్పుడు 46 అయింది. ఈ వీడియో అప్‌లోడ్‌కి పెట్టి కిందకి వెళ్తున్నా. అమ్మ ఈసారి ముందు సీట్లో కూర్చుంటానంది, రెంచ్ పట్టుకుని. ఉంటాను మరి!