గేటు దాటే ముందు పాట



సైనికుడు, పాట అనగానే మనకు దేశభక్తి గీతం గుర్తొస్తుంది. 1963 జనవరిలో ఢిల్లీలో లతా మంగేష్కర్ పాడిన పాట గురించి తెలియనివాళ్లు ఈ హాల్లో ఉండరు. అది సైనికుల్ని తలుచుకుని మనం పాడుకునే పాట. సైనికుడు తన కోసం తాను పెట్టుకునే పాట వేరు. ఈ సాయంత్రం దాని గురించే మాట్లాడతాను.

2003లో అమెరికా సేనలు ఇరాక్‌లోకి వెళ్లేనాటికి ఐపాడ్ వచ్చి రెండేళ్లు కూడా కాలేదు. కుర్రాళ్లు వాటినీ, సీడీ ప్లేయర్లనూ సామానులో సర్దుకుని వెళ్లారు. మరుసటి ఏడాది వచ్చిన మైకేల్ మూర్ డాక్యుమెంటరీ 'ఫారెన్‌హైట్ 9/11'లో కొందరు సైనికులు ట్యాంకులో పాట ఎలా పెట్టుకుంటారో కెమెరా ముందు చెబుతారు. ట్యాంకు మోతలో పక్కవాడు అరిచినా వినపడదు. అందుకని సిబ్బంది మాటలన్నీ ఇంటర్‌కమ్ మీద, హెల్మెట్‌లోని ఇయర్‌ఫోన్ల ద్వారానే. వీళ్లు సీడీ ప్లేయర్ తీగను తీసుకెళ్లి ఆ ఇంటర్‌కమ్‌కే కలిపేశారు. ఇక డ్రైవరు, గన్నరు, లోడరు, కమాండరు, నలుగురి చెవుల్లోనూ ఒకే పాట. ఆ ఇనుప గదిలో ఒకరి మొహం ఒకరికి సరిగ్గా కనపడదు. అమెరికన్ ట్యాంకు డ్రైవరైతే ముందు భాగంలో, విడిగా, దాదాపు వెల్లకిలా పడుకున్నట్టే కూర్చుంటాడు. అలాంటి నలుగురికీ ఒకే క్షణంలో ఒకే దరువు అందుతోంది. ఇలా చేయమని ఎవరూ ఆదేశించలేదు. తమకు ఏది అవసరమో వాళ్లే కనిపెట్టుకున్నారు.

జొనాథన్ పీస్లాక్ అనే సంగీతాచార్యుడు ఇరాక్ నుంచి తిరిగొచ్చిన సైనికులతో మాట్లాడి 2009లో 'సౌండ్ టార్గెట్స్' అనే పుస్తకం రాశాడు. గస్తీకి బయలుదేరే ముందు ఏం వినేవారంటే ఎక్కువమంది మెటల్, ర్యాప్ అన్నారు. స్లేయర్ బృందం 1986లో చేసిన 'ఏంజెల్ ఆఫ్ డెత్' వాటిలో ఒకటి. ఆష్విట్జ్ శిబిరంలో ఖైదీల మీద ఘోరమైన ప్రయోగాలు చేసిన నాజీ డాక్టర్ మెంగెలె మీద కట్టిన పాట అది. బాగ్దాద్ వీధుల్లోకి వెళ్లబోయే కుర్రాడికి మెంగెలెతో ఏం పని? ఏమీ లేదు. అతనికి కావలసింది ఆ వేగం, గిటార్ల గరగర, రెండు పాదాలతో ఆపకుండా వాయించే డ్రమ్ము. ఆ డ్రమ్ముకీ మెషిన్‌గన్ చప్పుడుకీ పోలిక ఉందని పీస్లాక్ గమనించాడు. రాబోయే చప్పుడుకు చెవినీ గుండెనీ ముందే సిద్ధం చేసుకోవడమే ఇదని నేను అనుకుంటాను. కాబట్టి పాటలోని మాటలు చూసి, ఇలాంటివి వినేవాడు ఎంత కిరాతకుడో అని తేల్చేయడం నాకు సమ్మతం కాదు.

మాటలు ముఖ్యం కాదనడానికి ఇంకో రుజువుంది. అదే 2003లో ఇవాన్ రైట్ అనే పత్రికా రచయిత అమెరికా మెరీన్ల హమ్వీ బండిలో కూర్చుని ఆ దాడి పొడుగునా ప్రయాణం చేశాడు. వాళ్లు నోటితోనే పాడుకున్నారు. ఏ పాటలనుకున్నారు? స్కూలు పిల్లలు పాడుకునే పాప్ పాటలు! నిద్ర లేకుండా, తుపాకులు కిటికీల్లోంచి బయటికి పెట్టి, ప్రేమ పాటలు పాడుతూ వెళ్లారు. నలుగురి గొంతులూ కలవడమే వాళ్లకు ముఖ్యం.

ఈ సంగతి పాతవాళ్లకు బాగా తెలుసు. క్రీస్తుపూర్వం 418లో మాంటినియా యుద్ధం గురించి రాస్తూ గ్రీకు చరిత్రకారుడు థుసిడిడీస్, స్పార్టా సేన వేణువాద్యాల లయకు నెమ్మదిగా ముందుకు నడిచిందని చెప్పాడు. అది దైవకార్యం కాదనీ, అడుగు తప్పకుండా, వరుస చెదరకుండా ఉండటానికేననీ కూడా చెప్పాడు. మన కాలానికొస్తే, అమెరికన్ చరిత్రకారుడు విలియం మెక్‌నీల్ 1941లో సైన్యంలో చేరి టెక్సాస్ శిబిరంలో గంటల తరబడి కవాతు చేశాడు. చేతినిండా ఆయుధాలు కూడా లేని రోజులవి. అందరితో కలిసి అడుగు వేస్తుంటే తన ఒళ్లు తనది మాత్రమే కానట్టు, ఏదో పెద్దదానిలో కలిసిపోయినట్టు అనిపించిందట. ఆ అనుభూతి ఏమిటో తేల్చుకోవడానికి యాభై ఏళ్లు దాటాక, 1995లో, ఒక పుస్తకమే రాశాడు.

కవాతులోనే కాదు, కాల్పుల మధ్య కూడా ఇది కనిపిస్తుంది. రెండో ప్రపంచ యుద్ధంలో, 1944 జూన్ 6న నార్మండీ తీరంలో దిగిన బిల్ మిలిన్‌కు ఇరవై ఒక్కేళ్లు. స్కాట్లండ్ బ్యాగ్‌పైపర్. పైపర్లను ముందు వరుసకు పంపకూడదని అప్పటికే నిబంధన ఉంది. అతని కమాండర్ లార్డ్ లోవాట్ అది ఇంగ్లిష్‌వాళ్ల నిబంధన, మనం స్కాట్లండ్‌వాళ్లం కదా అని వాయించమన్నాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో తండ్రి కట్టుకున్న కిల్టే కట్టుకుని మిలిన్ నీళ్లలోకి దిగాడు. చుట్టూ మనుషులు కూలిపోతుంటే ఒడ్డున అటూ ఇటూ నడుస్తూ వాయించాడు. తర్వాత పట్టుబడ్డ జర్మన్ సైనికులు, అతనికి మతి చలించిందనుకుని కాల్చలేదని చెప్పారట.

ఒక చేదు నిజాన్ని కూడా చెప్పాలి. డ్రౌనింగ్ పూల్ బృందం 2001లో చేసిన 'బాడీస్' పాటతో సైనికులు ఇరాక్‌లో ఉత్సాహం తెచ్చుకున్నారు. అదే పాటను గ్వాంటనామోలోని అమెరికా జైల్లో మహమ్మదూ స్లాహీ అనే ఖైదీని విచారించేటప్పుడు చెవులు హోరెత్తేలా పెట్టారు. అమెరికా సెనేట్ కమిటీ నివేదికే ఆ మాట రాసింది. తనంతట తాను పెట్టుకున్నవాడికి తోడైన పాట, ఆపే వీలు లేనివాడికి హింస అయింది. ఆ పాటను నేను ఇప్పుడు ఎక్కడ విన్నా ఆ ఖైదీనే తలుచుకుంటాను.

ఇంతవరకూ చెప్పింది మనిషిని యుద్ధానికి ఎక్కించే పాట గురించి. దించే పాట దానికంటే ముఖ్యమని నా నమ్మకం. మనం దాన్ని సరిగ్గా గుర్తించలేదని నాకు బాధ కూడా ఉంది.

రెండో ప్రపంచ యుద్ధంలో బహుశా అన్నిటికంటే ఎక్కువగా సైనికుల మనసు దోచిన పాట 'లిలీ మార్లీన్'. మొదటి యుద్ధ కాలంలో హాన్స్ లైప్ అనే జర్మన్ సైనికుడు రాసుకున్న కవిత అది. 1939లో లాలే ఆండర్సన్ పాడిన రికార్డు పెద్దగా అమ్ముడుపోలేదు. 1941లో జర్మన్ల చేతిలోకి వచ్చిన బెల్‌గ్రేడ్ రేడియో రోజూ రాత్రి పది గంటలయ్యే ముందు దాన్ని వేయడం మొదలుపెట్టింది. అందులో యుద్ధం ఊసు లేదు. బ్యారక్ గేటు దగ్గరి దీపం, ఒక అమ్మాయి, విడిపోవలసిన ఘడియ, అంతే. సైనికుల పట్టుదల నీరుగారిపోతుందని నాజీ ప్రచార మంత్రి గోబెల్స్‌కు ఆ పాట గిట్టలేదు. సైనికులకు మాత్రం అదే కావాలి. ఆఫ్రికా ఎడారిలో జర్మన్లు విన్నారు, వాళ్లతో పోరాడుతున్న బ్రిటిష్ ఎనిమిదో సైన్యమూ విన్నది. వియత్నాంలో అమెరికన్ సైనికులు గొంతు కలిపింది కూడా వీర గీతానికి కాదు, ఇక్కడినుంచి బయటపడాలి అని మొరపెట్టుకునే 1965 నాటి యానిమల్స్ బృందం పాటకు. మన దగ్గర వివిధ భారతి 'జయమాల' కార్యక్రమం చేసిన పని ఇదే. మంచు కొండల మీది పోస్టులో ఉన్న జవాను సినిమా పాట కోరుతూ ఉత్తరం రాసేవాడు. రేడియోలో తన పేరు, ఆ తర్వాత తన పాట. ఆ మూడు నిమిషాలూ అతను యూనిఫాం వేసుకున్న మామూలు కుర్రాడు.

జానపద విజ్ఞాన పరిశోధకురాలు లీసా గిల్మన్ 2016లో ఇరాక్, అఫ్గానిస్తాన్‌లలో పనిచేసిన అమెరికన్ సైనికుల పాటల మీద ఒక పుస్తకం వేశారు. బయటివాళ్లు అనుకునే మెటల్, ర్యాప్‌లతో పాటు వాళ్లు రకరకాల పాటలు విన్నారనీ, నలుగురి ముందు ఏడవలేని మనిషి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఒంటరిగా దుఃఖపడగలిగాడనీ ఆమె రాశారు. ఇంటికొచ్చాక ఎక్కడైనా అప్పటి పాట వినపడితే మళ్లీ ఆ యుద్ధంలోకే వెళ్లిపోయినట్టయ్యేది.

అలాంటి పని తెలుగులో జరగాలి. పశ్చిమ గోదావరి జిల్లా మాధవరం లాంటి ఊళ్లలో తరతరాలుగా సైన్యంలో పనిచేసిన కుటుంబాలున్నాయి. ఏ యుద్ధంలో ఎవరు పోరాడారో, ఎవరికి ఏ పతకం వచ్చిందో రాసి ఉంది. డ్యూటీకి వెళ్లే ముందు ఏ పాట విన్నారు, ట్రాన్సిస్టర్ ఎవరిది, బ్యాటరీలు ఎలా దొరికేవి, తిరిగొచ్చాక ఆ పాటను ఇంట్లో పెట్టుకోగలిగారా లేదా అన్నవి కూడా రాసి పెట్టుకోవాలి. 1971లో సరిహద్దులో ఉన్నవాళ్లు, కార్గిల్ చూసినవాళ్లు మీలో ఉన్నారు. సభ అయ్యాక హాలు వెనక బల్ల దగ్గర నోటుపుస్తకం, రికార్డరు పెట్టుకుని కూర్చుంటాను. పాట మొదటి ముక్క ఒక్కటి గుర్తున్నా చాలు, వచ్చి చెప్పండి. రాలేనివాళ్ల దగ్గరికి నేనే వస్తాను, చిరునామా ఇవ్వండి.