చిన్న వయసులో పోయిన మా తమ్ముడు

(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పిల్లల చదువు గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు అడిగారు. నేను మా తమ్ముని గురించి చెబుతాను. అతని కథలో చదువూ ఉంది.

మా నాన్న పరుపులు కుట్టేవారు. ఆ పని తగ్గిపోయి ఇల్లు గడవని రోజుల్లో నేను పదో తరగతి, వాడు ఆరు. ఇద్దరినీ చదివించే శక్తి ఇంట్లో లేదు. "అన్న చదువుకోనీ, నేను పనికి పోతా" అన్నాడు వాడు. ఎవ్వరూ కాదనలేదు. నేనూ కాదనలేదు. ఇన్నేళ్ళకు ఈ సంగతి మీ ముందు ఒప్పుకుంటున్నాను.

ఒకప్పుడు మార్కాపురం పలకలంటే దేశమంతటా పేరు. గనిలో తీసిన రాతిని ఉలితో పొరలుగా చీల్చి, మిషను మీద కోసి, నునుపు చేసి, కొయ్యచట్రం బిగిస్తే బడిపలక అవుతుంది. మా వాడిది కోత మిషను దగ్గర పని. సాయంత్రం ఇంటికొస్తే కనురెప్పల మీద కూడా దుమ్మే. అమ్మ వాకిట్లోనే నీళ్ళు పోసేది. విరిగిన పలక ముక్కలు సంచిలో వేసుకొచ్చి వీధి పిల్లలకు పంచేవాడు. మా చెల్లెలు అక్షరాలు దిద్దింది వాటి మీదే. నా టీచరు ట్రైనింగుకు డబ్బు కట్టింది కూడా వాడి కూలితోనే.

ఇరవై నాలుగో ఏట దగ్గు పట్టుకుంది. తరువాత నాలుగడుగులు వేస్తే ఆయాసం. టి.బి. అన్నారు. నెలల తరబడి మందులు మింగాడు. ఏం పని చేస్తావని అడిగినవారు లేరు. అది చెప్పాలని మాకూ తెలియదు. చివరి రాత్రుల్లో పడుకోలేక గోడకు ఆనుకొని కూర్చునేవాడు. ఇరవై ఏడేళ్ళకే పోయాడు.

తరువాత పని చేయించుకున్నవారి దగ్గరకు వెళితే, హాజరు పుస్తకంలో అతని పేరే లేదన్నారు. పన్నెండేళ్ళకు పైగా చేసిన పనికి ఒక్క చీటీముక్క సాక్ష్యం లేదు. ఊళ్ళో అందరూ "ఆయుష్షు అంతే" అన్నారు. మేమూ అదే అనుకొని ఊరుకున్నాం.

రాతిదుమ్ములోని సిలికా ఏళ్ళ తరబడి ఊపిరితిత్తుల్లో చేరితే అవి గట్టిపడతాయి. దాన్ని సిలికోసిస్ అంటారు. అది నయమయ్యే జబ్బు కాదు. అది ఉన్నవారికి టి.బి. కూడా తేలికగా వస్తుంది. మా తమ్మునికి ఏది వచ్చిందో ఎవరూ నిర్ధారించి చెప్పలేదు. మధ్యప్రదేశ్‌లోని మంద్‌సౌర్‌లో బలపాలు చేసే కార్మికులు ఈ జబ్బుతో చిన్న వయసులోనే పోతుంటే, 1982లో ఆ రాష్ట్రం వారి కోసం సంక్షేమ నిధి చట్టం చేసింది. 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టం కింద వృత్తి జబ్బుల్లో ఇదీ ఒకటిగా ఉండేది. ఇవన్నీ నాకు తెలిసేసరికి తమ్ముడు లేడు.

మన ప్రవక్త (స) కుమారుడు ఇబ్రాహీం పసితనంలోనే పోయినప్పుడు ఆయన కన్నీరు పెట్టుకున్నారు. ఆ రోజే సూర్యగ్రహణం పట్టింది. ఆ బిడ్డ పోయినందుకే గ్రహణం అని జనం అనుకుంటే, ఎవరి చావు కోసమో, పుట్టుక కోసమో గ్రహణాలు పట్టవని ఆయన చెప్పారు. అంత దుఃఖంలోనూ తప్పు కారణాన్ని ఒప్పుకోలేదు. సబ్ర్ అంటే కారణం అడగకుండా ఊరుకోవడం కాదని నాకు అప్పుడు అర్థమైంది.

ఇప్పుడు బడిపలకలకు గిరాకీ బాగా తగ్గింది. కాని రాయి కోసే పని పోలేదు. అందుకే మీకు మూడు మనవులు. దగ్గుతో డాక్టరు దగ్గరకు పోతే, అడగకపోయినా చేసిన పని, చేసిన ఏళ్ళు చెప్పండి. కూలి చీటీ అయినా సరే, పని చేసినట్టు రుజువు దాచుకోండి. నీళ్ళు పోస్తూ కోయమని యజమానిని అడగండి. ముక్కుకు గుడ్డ కట్టుకుంటే చాలదు.

ఇంకొకటి. "అన్న చదువుకోనీ, నేను పనికి పోతా" అని మీ ఇంట్లో ఏ పిల్లవాడైనా అంటే దయచేసి ఒప్పుకోవద్దు. ముందు సంఘానికి చెప్పండి. ఆ ఏడాది పుస్తకాల ఖర్చు నా పింఛనులోంచి ఇస్తాను. అది దానం కాదు, నేను తమ్ముడికి పడ్డ బాకీ.

వాడి కోసం దుఆ చేయండి. సెలవు.