లెక్కకు రాని ప్రయాణము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



సైకిలు పందెములలో పేరుగన్న యొక వీరుని గూర్చి మన యువకులకు నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరిరి. ఊరి లెక్కలు వ్రాయువాడను గనుక ముందు అంకెలనే మనవి చేసెదను.

జీనో బార్తాలి 1914లో ఇటలీ దేశమున, ఫ్లోరెన్సు నగరము చెంత నొక పల్లెలో, కూలివాని యింట జన్మించెను. బాల్యమున సైకిలు మరమ్మతు దుకాణములో పని చేసెను. ఇటలీ ప్రదక్షిణ పందెమును 1936, 1937, 1946 సంవత్సరములలో గెలిచెను. ఫ్రాన్సు ప్రదక్షిణమగు టూర్ ద ఫ్రాన్సును 1938లో నొకసారి, మరల పదేండ్లకు 1948లో, 34 యేండ్ల ప్రాయమున గెలిచెను. రెండు గెలుపుల నడుమ అంత యెడము గలవాడు నేటికిని వేరొకడు లేడు.

ఆ యెడమున మహాయుద్ధము గడచినది. 1943లో జర్మనులు ఇటలీ నాక్రమించి, యూదులను పట్టి మరణశిబిరములకు పంపసాగిరి. అప్పుడు బార్తాలి అభ్యాసము నెపమున ఫ్లోరెన్సునుండి అస్సీసీకి సైకిలు త్రొక్కెను. ఆళ్లగడ్డనుండి నంద్యాలకు గల దూరమునకు అది సుమారు నాలుగు రెట్లు. చూచువారికి పందెగాడు మాత్రమే కనబడెను. సైకిలు గొట్టములలో దాచిన కల్పిత గుర్తింపు పత్రములు కనబడలేదు. దొరికినచో ప్రాణమే పోయెడిది. ఆ కాగితములు వేరొక పేరు నిచ్చి యూదుల ప్రాణములను నిలిపినవి.

యుద్ధానంతరము ఆయన దీనిని చాటుకొనలేదు. 2000లో మరణించెను. జెరూసలేములోని యాద్ వషేమ్ సంస్థ ఆయనను గౌరవించినది 2013లో.

భారతమున లక్కయింటనుండి పాండవులు బయటపడుటకు సొరంగము త్రవ్వినవాడు విదురుడు పంపిన ఖనకుడు. ఖనకుడనగా త్రవ్వువాడు. అది వృత్తినామమే గాని, తల్లి పెట్టిన పేరు మనకు తెలియదు.

ఇక నా దోషము మనవి చేసెదను. మన గ్రంథాలయ దాతల పట్టికను వ్రాసినది నేనే. ఒక్క రూపాయి యిచ్చినవారి పేరును విడువలేదు. కాని నంద్యాలనుండి మండుటెండలో సైకిలు క్యారియరుపై పుస్తకముల మూటలు కట్టి తెచ్చిన బాలుర పేర్లు అందు ఒక్కటియు లేవు. రొక్కపు గడిలో వ్రాయుటకు వారు రొక్క మియ్యలేదు గదా!

పట్టిక చివర నొక పుట ఖాళీగా నుంచితిని. జ్ఞాపకమున్నవారు సభ ముగియగనే వచ్చి, ఆ పేర్లు చెప్పుడు, వ్రాసికొందును. యువకులారా! పందెములు గెలువుడు. ఆ కాలిబలము ఎప్పుడైన నొకరి మూట మోయుటకును పనికివచ్చుగాక!