ముందు వాళ్ల తుపాకి దింపించాలి



"పెత్తందారు ఇంట్లో తుపాకి ఉంది, మన వాడలో కర్ర కూడా లేదు. మనకూ లైసెన్సులు ఇప్పించండి" అని ఇందాక ఒక తమ్ముడు అడిగాడు. ఆ కోపం న్యాయమైందే. 1997 డిసెంబర్ 1 రాత్రి బీహార్‌లోని లక్ష్మణ్‌పూర్ బాథేలో రణవీర్ సేన 58 మంది పేదల్ని కాల్చి చంపింది. ఎక్కువమంది దళితులే. పసిపిల్లల్ని కూడా వదల్లేదు. 2010లో కింది కోర్టు శిక్షవేసిన 26 మందినీ 2013లో పాట్నా హైకోర్టు విడిచిపెట్టింది. అందుకే తుపాకి పేలకముందే ఏం చెయ్యాలో ఆలోచించాలి.

చట్టంలో దారి ఉంది. 1989 అత్యాచారాల నిరోధక చట్టం కింద 1995లో నియమాలొచ్చాయి. వాటిలో 3వ నియమం ఏమంటుంది? దాడులు జరిగే ప్రమాదమున్న ప్రాంతాల్ని సర్కారు గుర్తించాలి. అవసరమనుకుంటే అక్కడ ఎస్సీ, ఎస్టీలు కానివాళ్ల తుపాకి లైసెన్సులు రద్దుచేసి, ఆయుధాలు సర్కారు ఆయుధాగారంలో పెట్టించాలి. వాళ్ల దగ్గరి బంధువులవీ, పాలేళ్లవీ కూడా. దొంగ తుపాకులు పట్టుకోవాలి. అవసరమైతే మనకు లైసెన్సులివ్వాలి.

మరి ముందు ఏది అడుగుదాం? తుపాకి కొనడానికి మన దగ్గర డబ్బేది? నాట్లేసే ఆడమనిషి భుజాన తుపాకి వేసుకుని మడిలోకి దిగుతుందా? మనం ఒకటి కొనేలోపు వాళ్లు పది కొంటారు. కాబట్టి ముందు వాళ్లది దింపించాలి.

"అవసరమనుకుంటే" అన్న మాట చాటున అధికారులు నిద్రపోతారు. ఆ అవసరాన్ని కాగితం మీద పెట్టాల్సింది మనమే. బెదిరించిన రోజే తేదీ, చోటు, అన్న మాట రాసి కలెక్టరుకీ ఎస్పీకీ అర్జీ ఇవ్వండి. రసీదు తీసుకోండి. రేపు "మాకు తెలీదు" అనకుండా ఆ రసీదే వాళ్ల నోరు మూయిస్తుంది.