ఆదివారం లేని డ్యూటీ

(సోలాపూర్‌లో జరిగిన మన యూనియన్ సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడాదీ ఈ సభలో నేను పగారు గురించి, బోనస్ గురించి, పీఎఫ్ గురించి మాట్లాడతాను. ఈసారి ఆ సంగతులు అధ్యక్షులు వివరంగా చెప్పారు. నేను ఇంకో పని గురించి చెప్తాను. ఆ పనికి హాజరు పట్టీ లేదు, పగారు లేదు, సుట్టీ లేదు. మన ఇండ్లల్లో మంచం పట్టిన మనిషిని చూసుకునే పని అది.

ఒక్కసారి చేతులెత్తండి. ఎవరి ఇంట్లో మంచం పట్టిన మనిషి ఉన్నారు, లేదా ఈ నాలుగైదేండ్లల్లో ఉండి పోయారు? చూడండి, దాదాపు సగం సభ లేచింది. ఇప్పుడు మగవాళ్లు ఎత్తిన చేతులు అట్లాగే ఉంచండి. మీలో ఆ మనిషికి ఒళ్లు తుడిచి, పక్క గుడ్డలు మార్చినవాళ్లు తప్ప మిగతావాళ్లు దించండి. దిగిపోయాయి కదా! సిగ్గుపడకండి. పద్నాలుగేండ్ల కింద నా చెయ్యి కూడా దిగేదే. ఆ కథే ముందు చెప్తాను.

మా నాయిన మిల్లు మనిషి. ఆయన వెంటే నేను కూడా చిన్న వయసులో మిల్లులో చేరాను. మిల్లు మూతపడింది. ఇద్దరం పవర్‌లూమ్ కార్ఖానాల్లో పడ్డాం. 2011లో ఒకరోజు పొద్దున చాయ్ తాగుతూ నాయిన పక్కకు ఒరిగిపోయాడు. పక్షవాతం. ఇక్కడ లక్వా అంటారు. కుడి చెయ్యి, కుడి కాలు పోయాయి, మాట ముద్దయింది. పది రోజులు దవాఖానాలో పెట్టి ఇంటికి పంపారు. చేతికిచ్చిన కాగితంలో మందుల పేర్లు ఎనిమిది ఉన్నాయి. మనిషిని ఎట్లా పక్కకు తిప్పాలి, ఎట్లా తినిపించాలి అన్నది ఒక్క ముక్క లేదు. అడిగితే "ఇంట్లో ఆడవాళ్లు చూసుకుంటారు లే" అన్నారు.

ఆ ఆడవాళ్లంటే ఎవరు? మా ఇంటామె ఒక్కతే. రోజుకు వెయ్యి బీడీలు చుట్టే చెయ్యి ఆమెది. నాయిన మంచం పట్టాక ఐదు వందలు చుట్టడం కూడా కష్టమైంది. అంటే ఇంట్లో ఒకేసారి రెండు పగార్లు పోయాయి. నేనో? పొద్దున కార్ఖానా, సాయంత్రం యూనియన్ ఆఫీసు. ఎనిమిది గంటల పని గురించి ఊరంతా ఉపన్యాసాలు ఇచ్చేవాణ్ణి. నా ఇంట్లో మూడు షిఫ్టులూ ఒక్క మనిషే చేస్తున్నదని నాకు తట్టలేదు.

రెండో నెలలో నాయిన నడుం కింద పుండు పడింది. ఎవరో చెప్తే గాలి కొట్టిన ట్యూబు కింద పెట్టాం. పుండు పెద్దదైంది. ఇంకో సంగతి. నాయిన నీళ్లు తాగడం మానేశాడు. ఇస్తే నోరు బిగించేవాడు. రోగం ముదిరింది అనుకున్నాం. మా గల్లీలో రిటైరైన నర్సమ్మ ఒకామె ఉండేది. ఆమె వచ్చి చూసి నన్ను బయటికి పిలిచి అన్నది: "రోగం కాదు నాయనా, సిగ్గు. కోడలిని మూత్రం డబ్బా అడగలేక ముసలాయన గొంతు ఎండబెట్టుకుంటున్నాడు. నువ్వు కొడుకువి, నువ్వేం చేస్తున్నావు?"

నేనేం చెప్పను? మీటింగుకు పోతున్నానని చెప్పాలా?

ఆమె ఆరోజు మా ఇద్దరికీ ఇరవై నిమిషాలు నేర్పింది. ట్యూబు తీసి పారేయించింది. ట్యూబు చుట్టూ నొక్కి రక్తం పారకుండా చేస్తుందట. రెండు గంటలకు ఒకసారి పక్క మార్చమన్నది. పుండుకు మళ్లీ డాక్టరు దగ్గర మందు కట్టించాం. మానడానికి నాలుగు నెలలు పట్టింది. నాయిన తర్వాత ఏడాదిన్నర బతికి, 2013లో పోయాడు. పోయేనాటికి ఆయన ఒంటి మీద పుండు లేదు. ఆ ఇరవై నిమిషాల పాఠం దవాఖానాలోనే చెప్పి ఉంటే ఆ నాలుగు నెలల నరకం ఉండేది కాదు. ఈ మాట నేను ఇప్పటికీ మరవలేదు.

మిత్రులారా, లూమ్ మీద నిలబెట్టే ముందు కొత్త పిల్లవాడికి నెలల తరబడి పని నేర్పుతాం. దారం తెగితే ఎట్లా కలపాలో చేతిలో చెయ్యి పెట్టి చూపిస్తాం. బతికున్న మనిషిని మాత్రం ఏమీ నేర్పకుండా ఒక ఆడమనిషి చేతిలో పెట్టి "చూసుకో" అంటాం.

అందుకే ఆ నర్సమ్మ చెప్పినవి, తర్వాత డాక్టర్ల దగ్గర నేను అడిగి తెలుసుకున్నవి, నాలుగు ముక్కలు ఇప్పుడే చెప్తాను. గుర్తు పెట్టుకోండి.

ఒకటి. మనిషిని లాగకూడదు, ఎత్తి జరపాలి. లాగితే చర్మం ఒరుసుకుపోతుంది. మనం నేసే చాదరే తీసుకోండి. మడిచి భుజాల నుంచి తొడల దాకా కింద పరవండి. ఇద్దరు రెండు వైపులా అంచులు దగ్గరగా పట్టుకుని, ఒకటి రెండు మూడు అని ఒకేసారి ఎత్తి జరపండి. మోకాళ్లు వంచండి, నడుం వంచకండి. లేకపోతే రోగి పక్కన రెండో మంచం మీకు వెయ్యాలి.

రెండు. మడమలు, తుంటి, నడుం కింది ఎముక రోజూ చూడండి. ఎర్రబడితే రుద్దకండి. దాని మీద బరువు పడకుండా పక్క మార్చండి.

మూడు. చచ్చుబడ్డ చెయ్యి పట్టుకుని లేపకండి, భుజం కీలు జారుతుంది. చొక్కా తొడిగేటప్పుడు ముందు చచ్చుబడ్డ చెయ్యి. విప్పేటప్పుడు ముందు బాగున్న చెయ్యి.

నాలుగు. పడుకోబెట్టి తినిపించకండి. కూర్చోబెట్టి చిన్న చిన్న ముద్దలు పెట్టండి. ఒకటి మింగాకే ఇంకొకటి. తిన్న తర్వాత అరగంట దాకా పడుకోబెట్టకండి. తినేటప్పుడు దగ్గు వస్తే ఆపండి, ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణానికే ముప్పు. అది మాటిమాటికీ జరిగితే డాక్టరుకు చూపించండి.

ఇప్పుడు అసలు మాటకు వస్తాను. కొందరు అంటారు: "ఇది ఇంటి సంగతి, యూనియన్‌కు ఏం పని?" నేను అడుగుతాను, మన ఒళ్లు పాడైంది ఎక్కడ? బ్లోరూమ్‌లో, కార్డింగ్‌లో దూది దుమ్ము పీల్చి పీల్చి ఊపిరి ఆడని ముసలివాళ్లు మన బస్తీల్లో ఎంతమంది లేరు? ఆ జబ్బు పేరు బిసినోసిస్. అది పని వల్ల వచ్చే జబ్బు అని చట్టం పట్టికలోనే రాసుంది. మిల్లు గట్టి మనిషిని తీసుకుంది, రోగిని ఇంటికి పంపింది. లాభం సేఠ్ లెక్కలో పడింది, సేవ మన ఆడవాళ్ల లెక్కలో పడింది. ఇది ఇంటి సంగతి ఎట్లా అవుతుంది?

ప్రభుత్వ లెక్కలే చూడండి. 2024లో కేంద్రం టైమ్ యూజ్ సర్వే చేసింది. 15 నుంచి 59 ఏండ్ల ఆడవాళ్లలో 41 శాతం మంది ఇంట్లోవాళ్లను, అంటే పిల్లలను, పెద్దలను, రోగులను చూసుకునే పని చేస్తున్నారు. మగవాళ్లలో 21.4 శాతమే. ఆ పని చేసే ఆడవాళ్లు రోజుకు 140 నిమిషాలు పెడుతుంటే, మగవాళ్లు 74 నిమిషాలు పెడుతున్నారు. వంట, బట్టలు, గిన్నెలు ఇందులో కలపలేదు.

మరి సాయం ఏముంది? 2024 అక్టోబర్ నుంచి 70 ఏండ్లు దాటిన వాళ్లందరికీ ఆయుష్మాన్ కార్డు మీద ఏడాదికి 5 లక్షల దాకా వైద్యం ఉంది. మంచిదే, తీసుకోండి. కానీ అది దవాఖానాలో చేరితేనే. ఇంటికి వచ్చాక రెండేండ్లు చూసుకునే మనిషికి అందులో ఒక్క రూపాయి లేదు. ఈఎస్ఐలో మనం జబ్బు పడితే 70 శాతం పగారు, ఏడాదిలో 91 రోజుల దాకా వస్తుంది. పక్షవాతం లాంటి దీర్ఘరోగాలకు ఇంకా ఎక్కువ రోజులు ఇస్తారు. కానీ ఇంట్లో తల్లికో తండ్రికో సేవ చెయ్యడానికి మనం ఆగిపోతే ఏమీ రాదు. అదీ ఈఎస్ఐ ఉన్నవాళ్ల సంగతి. ఒకే షెడ్డును ముక్కలు చేసి నలుగురి పేర్ల మీద రాసి, పదిమంది లేరని చూపే కార్ఖానాల్లో ఆ మాత్రం కూడా లేదు.

చట్టంలో మాత్రం దారి ఉంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం సెక్షన్ 24 చదవండి. ఎక్కువ ఆసరా కావలసిన దివ్యాంగులకు సేవకుల భత్యం ఇచ్చే పథకాలు పెట్టాలని ప్రభుత్వాలకు చెప్పింది. అదే చట్టం, పగారు లేకుండా చూసుకునే ఇంట్లోవాళ్లను కూడా సేవకులుగా గుర్తించింది. అయితే "ఆర్థిక శక్తి మేరకు" అని ఒక మెలిక పెట్టింది. ఆ మెలికను పట్టుకునే ప్రభుత్వాలు తప్పించుకుంటున్నాయి.

ఇచ్చేవాళ్లు లేరా? ఉన్నారు. మంచం పట్టినవాళ్లను రోజంతా చూసుకునే ఇంట్లోవాళ్ల కోసం కేరళ ఆశ్వాసకిరణం పథకం పెట్టింది. నెలకు 600 రూపాయలు. ఆరు వందలు ఏ మూలకు అంటారా? నిజమే. కానీ సేవ చేసే మనిషి పేరు ప్రభుత్వ పుస్తకంలో ఎక్కింది చూడండి, అది పెద్ద సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో 2024లో పక్షవాతంతో మంచం పట్టినవాళ్ల పెన్షన్‌ను 15,000 రూపాయలకు పెంచారు. మన మహారాష్ట్రలో సంజయ్ గాంధీ నిరాధార్ యోజన కింద ఇచ్చేది 2023లో 1,000 నుంచి 1,500కు పెరిగింది. అది నిరాధారులకు, దివ్యాంగులకు. చూసుకునేవాళ్లకు కాదు.

అందుకని ఈ సభ ముందు మూడు డిమాండ్లు పెడుతున్నాను.

మొదటిది, శిక్షణ. పక్షవాతం, క్యాన్సర్, విరిగిన తుంటి ఏదైనా సరే, రోగిని ఇంటికి పంపే ముందు చూసుకునేవాళ్లకు చేతితో చేయించి నేర్పాలి. మనకు అర్థమయ్యే భాషలో నేర్పాలి. ముసలివాళ్ల ఆరోగ్యం కోసం కేంద్రం 2010-11లో పథకం పెట్టింది. ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్‌లు చెయ్యాల్సిన పన్నెండు రకాల సేవల్లో ముసలివాళ్ల సంరక్షణ, పాలియేటివ్ సేవ ఉన్నాయి. అంటే మనం కొత్తగా భిక్ష అడగడం లేదు, కాగితం మీద ఉన్నదాన్ని గల్లీలోకి రమ్మంటున్నాం.

రెండోది, భత్యం. సెక్షన్ 24 ప్రకారం సేవ చేసేవాళ్లకు నెలనెలా డబ్బు ఇవ్వాలి. బీడీలు సగమైన ఇంటికి అది దానం కాదు, పోయిన పగారులో చిన్న ముక్క.

మూడోది, ఊపిరి. 1890 జూన్ 10న బొంబాయి మిల్లు కార్మికులు లోఖండే నాయకత్వంలో ఆదివారం సెలవు సాధించుకున్నారు. నూట ముప్పై ఏండ్లు దాటింది. మన ఇంట్లో సేవ చేసే మనిషికి ఆ ఆదివారం ఇంకా రాలేదు. వారానికి ఒక పూట ఆమెను బయటికి పంపి, ఆ మంచం దగ్గర కూర్చునే మనిషి కావాలి. ప్రభుత్వం పంపేదాకా ఆ మనిషి మనమే.

ఇది అయ్యే పనేనా అని కొందరు గొణుగుతున్నారు. కుంభారి దగ్గర బీడీ అక్కలకు పదివేల ఇండ్లు అడిగినప్పుడు కూడా నవ్వినవాళ్లు ఉన్నారు. అవి గోదుతాయి పరుళేకర్ పేరుతో నిలబడ్డాయి. ఇవాళ ఇక్కడ కూర్చున్న అక్కల్లో కొందరు ఆ ఇండ్ల నుంచే వచ్చారు.

డిమాండ్లు నెరవేరేదాకా చేతులు కట్టుకుని ఉండం. వచ్చే నెల నుంచి ప్రతి రెండో ఆదివారం యూనియన్ ఆఫీసులో ఒక నర్సును పిలిచి నేర్పిస్తాం. ఒక మంచం, ఒక చాదర్ పెట్టి చేయించి చూపిస్తాం. దివ్యాంగ సర్టిఫికెట్, నిరాధార్ అర్జీలు రాసిపెట్టడానికి ఇద్దరు కుర్రవాళ్లు ఉంటారు. ఒక్క షరతు. ప్రతి ఇంటి నుంచి ఒక మగవాడు రావాలి. కోడలిని అడగలేక గొంతు ఎండబెట్టుకునే మామ ఇంకే ఇంట్లోనూ ఉండకూడదు.

చివరగా, ఈ సభలో వెనక వరసలో మా ఇంటామె కూర్చుని ఉంది. ఇన్నేండ్లలో ఆమెకు నేను ఈ మాట చెప్పలేదు. నలుగురిలో చెప్తున్నాను: ఆ రెండేండ్లు నువ్వు చేసింది పని. దానికి లెక్క కట్టని తప్పు నాది కూడా.

కార్మికుల ఐక్యత వర్ధిల్లాలి!